ఏమప్పా అంటే పలికిన పెట్టె

"పేరు చెప్పండి" అని పెట్టె మూడోసారి అడిగినప్పుడు, దాని ముందు నిలబడిన ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. తెర మీద ఆమె భర్త ఫొటో అలాగే ఉంది. ఫొటో కింద ఎర్రచుక్కలు వరసగా వెలుగుతున్నాయి. ఒక్కో చుక్క అతను బెంగళూరు నుంచి పంపిన ఒక్కో మాట. ఆమె చుక్కల్ని చూసింది, నన్ను చూసింది, సిగ్గుగా నవ్వి వెళ్ళిపోయింది.

తెర మూలనున్న బాణం గుర్తును తాకుతూ మిగతా ఫొటోలు చూశాను. ఒకరి కింద మూడు, మరొకరి కింద ఆరు. ఇన్ని మాటలు అంత దూరం నుంచి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయి ఉన్నాయి. వాటిలో ఏముందో ఎవరూ వినలేదు.

పామిడి

అనంతపురం జిల్లాకు నేను వెళ్ళడం అదే మొదటిసారి. మాది విజయవాడ. పెళ్ళికి ముందు కంప్యూటర్ కాలేజీలో పాఠాలు చెప్పాను, పిల్లలు పుట్టాక మానేశాను. చిన్నవాడికి మూడేళ్ళు నిండాక ఒక చిన్న సంస్థలో చేరాను. చదువు రానివాళ్ళు కంప్యూటర్‌తో ఎలా మాట్లాడాలి అన్నదే అక్కడ మా పని.

కరువుకు ఊరు విడిచి బెంగళూరు కట్టడాల్లో పనికి పోయినవాళ్ళు అక్కడ మా పెట్టె ముందు నిలబడి మాట్లాడతారు. ఆ మాట ఫోన్ తీగ మీదుగా ఊళ్ళోని పెట్టెకు చేరుతుంది. ఇంటివాళ్ళు వచ్చి, తెర మీద తమవాడి ఫొటోను వేలితో తాకి, అతని పేరు పలికితే అతని మాట వినిపిస్తుంది. జవాబు కూడా చెప్పవచ్చు. చదవనక్కర్లేదు, రాయనక్కర్లేదు. చూడడం, తాకడం, పలకడం ఎవరికి రావు అనుకున్నాం. పేరు పలకమనడానికి ఒక కారణం ఉంది. పెట్టె గొంతును గుర్తుపడుతుంది. మొదటిసారి మూడుసార్లు పలికి ఎవరు నేర్పితే ఆ గొంతుకే తెరుచుకుంటుంది. ఒక ఇంటి కష్టసుఖాలు పక్కింటివాళ్ళు వినకూడదని ఈ ఏర్పాటు.

"పేరు చెప్పండి" అన్న ఆ గొంతు నాదే. నాది స్పష్టంగా ఉంటుందని ఆఫీసులో నాచేత చదివించారు.

పెట్టెలు పెట్టి నెలలు గడిచినా వినేవాళ్ళు తక్కువగా ఉన్నారని, ఎందుకో చూసి రమ్మని నన్ను పంపారు. బయల్దేరేనాటికి చిన్నవాడికి జలుబు. అత్తగారికి మందు సీసా చూపించి, మళ్ళీ చూపించి, ఆవిడ విసుక్కున్నాక రైలెక్కాను.

నది అంటే నాకు కృష్ణే. అందుకని పామిడి దగ్గర పెన్న వంతెన మీద బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి నీళ్ళ కోసం వెతికాను. కింద ఇసుకే ఉంది. ఇసుకలో చెలమలు తవ్వి ఆడవాళ్ళు గిన్నెలతో తోడుకుంటున్నారు.

మా పెట్టె చాంద్ బాషా గారి ఎస్టీడీ బూతులో ఉంది. ఆయన ఉగ్గాని తెప్పించారు. నానబెట్టి పిండిన బొరుగులకు తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు. అంతా కలిపి ఐదు రూపాయలు. తిన్నాక గ్లాసుతో నీళ్ళిచ్చారు. ఇంట్లో అలవాటుకొద్దీ కాసిని నీళ్ళతో గ్లాసు తొలిచి వీధిలో పారబోశాను. బూతులో ఉన్నవాళ్ళంతా మాటలు ఆపి ఆ తడిసిన మట్టి వైపు చూశారు.

పెట్టె ముందునుంచి ఆమె వెళ్ళిపోయాక అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన ఎత్తాడు. "కిరణ్, బాబుకి మందు వేశావా?" అన్నాను.

వెనక బెంచీ మీద నాగమ్మ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. "పిలిచింది ఎవర్నమ్మా, తమ్మున్నా?" అంది.

"కాదు, మా ఆయన్ని."

"పేరు పెట్టి?"

"అవును."

"బతికే ఉండాడు కదా?"

"లైన్లోనే ఉన్నాడు" అన్నాను.

బూతంతా నవ్వింది. నాగమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "మొగుని పేరు నోట్లోకి వస్తే ఆయప్పకు ఆయుస్సు తగ్గుతాదంటారు మా పక్క. మీదేమో పట్నం. మొగుళ్ళు గట్టోళ్ళేమో" అంది.

నేనూ నవ్వుతూనే ఫోన్ పెట్టేశాను. పెట్టె వైపు తిరిగాక నవ్వు ఆగిపోయింది.

"ఇందాక వచ్చినామె వినకుండా పోయింది అందుకేనా?" అని అడిగాను.

"మరి? నలుగురిలో మొగుని పేరు చెప్పమంటాండాది ఆ పెట్టె. దానికన్నా సిగ్గుండల్ల. నేను నా కొడుకు మాట దినాం వింటాండా. పేరు పెట్టిందే నేను, నాకేం అడ్డం? అత్త ఉండే ఇంట్లో బాధ లేదు. అత్త లేనిది ఏం జేస్తాది?"

మా అమ్మమ్మ కూడా తాతయ్య పేరు పలికేది కాదు. ఓటర్ల పేర్లు రాసుకునేవాళ్ళు వస్తే నన్ను ముందుకు తోసేది. ఇలాంటి అమ్మమ్మ మా ఆఫీసులో అందరి ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. పెట్టె తయారుచేస్తున్నప్పుడు ఒక్కరికీ ఆవిడ గుర్తుకు రాలేదు. పెట్టెతో మాట్లాడడం మనిషితో మాట్లాడినట్టు కాదని అనుకున్నాం కాబోలు.

యాడికి

యాడికి అనే ఊరికి వెళ్ళే దారి పొడవునా చేల గట్ల మీద నాపరాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. చేలల్లో చెనిక్కాయ చెట్లు జానెడు కూడా ఎదగకుండా ఎండి, పీకకుండానే వదిలేసి ఉన్నాయి. వేరుశెనగను అక్కడ చెనిక్కాయ అంటారు. పీకే కూలి కూడా గిట్టదని బస్సులో పక్కనున్నాయన చెప్పాడు. తన చేను గురించి కాక ఇంకెవరిదో గురించి చెబుతున్నట్టు చెప్పాడు.

ఆ ఊళ్ళో ఈశ్వరమ్మ ఇంట్లో మధ్యాహ్నం భోజనం. ముప్ఫై దాటి ఉండవు ఆమెకు. భర్త బెంగళూరులో ఉన్నాడు, అత్త లేదు, గంగ అని ఏడేళ్ళ కూతురుంది. రాగిసంగటి ముద్ద, చెనిక్కాయలతో నూరిన ఊరుబిండి అనే పచ్చడి పెట్టింది. నేను సంగటిని అన్నంలా నములుతుంటే గంగ పకపకా నవ్వింది.

"నమలకూడదు మేడం, మింగల్ల. నములుతా కూర్చుంటే తెల్లారిపోతాది" అంది ఈశ్వరమ్మ.

భర్త మాట వినడానికి గంగనే తీసుకెళ్ళి పేరు చెప్పించిందట. చిన్నపిల్లల సన్నగొంతు మా పెట్టెకు పట్టదు. "ఇది నోరు నొప్పొచ్చేదాకా నాయన పేరు అరిసింది. పెట్టె వినల్యా. నాయనకు మన మీద ఇది లేదేమోమ్మా అనె" అంది.

"ఇంట్లో ఆయన్ని ఏమని పిలుస్తారు మీరు?"

"గంగ వాళ్ళ నాయన అంటా."

మేము బూతుకు వెళ్ళాం. పేరు ఉండవలసిన చోట "గంగ వాళ్ళ నాయన" అనే మాటను ఈశ్వరమ్మ గొంతుతో మూడుసార్లు పెట్టెకు నేర్పాను. పెట్టెకు అది పేరైనా ఒకటే, పిలుపైనా ఒకటే. ఈ సంగతి కూడా మాకు ముందే తట్టి ఉండవచ్చు. నాలుగోసారి ఆమె ఫొటోను తాకి పిలిచింది. అతని గొంతు బయటికొచ్చింది.

"ఈశ్వరీ, నేను. మేకను మటుకు అమ్మొద్దు. ఎవరొచ్చి అడిగినా అమ్మొద్దు. నేనొచ్చి చూసుకుంటా."

ఈశ్వరమ్మ పెట్టె వైపు వంగి, "అమ్మేసినా కదప్పా" అంది. తర్వాత నావైపు తిరిగి, "ఇనపడిందా ఆయప్పకు?" అని భయంగా అడిగింది. ఇంకా వినపడలేదని, జవాబు చెప్పాలంటే పచ్చగుర్తును తాకాలని చెప్పాను. ఆమె ఆలోచించి తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉండనీలే మేడం. రెండు దినాలు నెమ్మదిగా ఉండనీ పాపం."

ఆ సాయంత్రం నేను సంతోషంగా ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మాయి స్వాతి మాట్లాడింది. చిన్నవాణ్ణి పిలిస్తే ఫోన్ దగ్గరికి వచ్చి, ఊపిరి వినిపిస్తూ నిలబడి, ఒక్క మాటా మాట్లాడలేదు. "నాన్నా, బాబూ" అని ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. కోపమొచ్చిందంది స్వాతి. మనసు మళ్ళీ మొదటికొచ్చింది.

విడపనకల్లు

విడపనకల్లుకు వచ్చేసరికి నేల నల్లబడింది, మాటల్లో కన్నడం కలిసింది. ఇక్కడ డబ్బును దుడ్లు అంటారు. జొన్నరొట్టెను మా ఇళ్ళలో చపాతీ చేసినట్టు కర్రతో వత్తరు. అరచేత్తో తడుతూ చంద్రబింబమంత చేస్తారు. బూతు నడిపే సరోజక్క ఆ రొట్టెలు చేస్తూనే ఫోన్లు కలుపుతుంది, బేరాలు చేస్తుంది, దారిన పోయేవాళ్ళను తిడుతుంది.

మా పెట్టె మీద పసుపు, కుంకుమ బొట్లున్నాయి. "నేను పెట్టలేదు మేడం. మారెక్క పనే" అంది సరోజక్క. "సంతనాడు తప్పకుండా వస్తాది. మొగుని బొమ్మను చూస్తాది, పోతాది. పేరు చెప్పదు, వినదు. బొమ్మను చూసేకి టిక్కెట్టు పెడతా అంటే నవ్వుతాది."

ఆ రోజు సంతే. మారెక్క నెత్తిమీద గంపతో వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. అత్తమామలు లేరు, పిల్లలు లేరు. గంప దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, భర్త ఫొటోను తాకింది. గళ్ళచొక్కా మనిషి, సుంకన్న. ఫొటో కింద నాలుగు ఎర్రచుక్కలు. ఆమె వాటిని చూసి, తృప్తిగా తలాడించి, గంప ఎత్తుకోబోయింది.

"అక్కా, వినవా?" అన్నాను.

"ఏంటికి మేడం? దీపాలు ఎలుగుతాండాయి కదా. బాగుండాడు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. "మొదట ఒకటే ఉండె. ఆపైన సంతసంతకూ ఇంగొకటి ఎలిగిచ్చినాడు. ఇట్ల నాలుగు. యాడుండినా నన్ను తలుచుకోని దీపం పెడతాండాడు. అది చాలదా?"

"కడపటిది ఎప్పుడు వెలిగింది?"

"చెనిక్కాయలు పీకే పొద్దు."

అంటే నెల దాటింది. అంతకుముందు వారానికొకటి వచ్చిన చుక్క, నెలగా రాలేదు. విననంతవరకు ఆరిపోకుండా ఉండేలా మేమే చేశాం. ఆమె ఆ నాలుగింటినే చూసి ప్రతి సంతకూ ధైర్యం తెచ్చుకుని పోతోంది.

నా భయం ఆమెకు చెప్పలేదు. "ఆయన మాట్లాడాడు అక్కా. నీ కోసమే. ఒకసారి విందాం" అన్నాను. పేరు పలకనక్కర్లేదని, ఇంట్లో ఎలా పిలిస్తే అలా పిలవొచ్చని చెప్పాను.

"ఏమని పిలుస్తావు ఆయన్ని?"

ఆమె సిగ్గుపడింది. సరోజక్క రొట్టె తట్టడం ఆపి, "ఏమని పిలుస్తాది, ఏమప్పా అంటాది. ఈ ఊళ్ళో ఎద్దునైనా అట్లనే అంటారు" అంది.

"ఏమప్పా అనే అంటా" అని మారెక్క ఒప్పుకుంది.

మొదటిసారి నోట్లోనే అనుకుంది. పెట్టెకు వినపడలేదు. రెండోసారి నన్ను చూస్తూ అంది. సరోజక్క, "నీ మొగుడు చేను ఆ కొసన ఉండాడనుకో మారెక్కా. బువ్వ తెచ్చినావనుకో. పిలువు" అంది. మారెక్క కళ్ళు మూసుకుని పిలిచింది. ఆ పిలుపుకు సంతలో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు వెనక్కి తిరిగారు. అలా ఇంకో రెండుసార్లు. పెట్టెకు పట్టింది.

తర్వాత ఆమె ఫొటోను తాకి, "ఏమప్పా" అంది.

"ఆఁ. మారెక్కా" అన్నాడు సుంకన్న.

ఆమె పెట్టెకు ఇంకా దగ్గరగా జరిగింది. "ఈ అద్దంతో మాట్లాడమంటాండారు. ఏమో, ఇనపడతాందా? పని దొరికింది. నాలుగంతస్తుల ఇల్లు. పైనుంచి చూస్తే ఊరంతా దీపాలే. నువ్వు చెప్పు." తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. జవాబు వస్తుందని అతను అక్కడే నిలబడి ఉన్నట్టున్నాడు.

"ఇనపడతాందప్పా" అంది మారెక్క.

రెండో చుక్క. "పలకల్యా నువ్వు. దసరాకొస్తానని రాలేదని కోపమా? ఈసారి పలుకు."

"కోపం లేదు. నాకేం కోపం" అంది ఆమె గబగబా.

మూడో చుక్కలో ముందు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గే. "సిమెంటు దుమ్ము. జరం గూడా వస్తా పోతా ఉండాది. ఒకసారి వచ్చి పో మారెక్కా. రాలేకపోతే లే, ఒక మాటన్నా పంపీ. అందరికీ జవాబులొస్తాండాయి."

నాలుగోది అతని గొంతు కాదు.

"వొదినా, నేను హనుమంతును, మీ ఆయప్పతో పనిజేసేవాణ్ణి. సుంకన్నను ఆస్పత్రిలో చేర్చినాం. నువ్వు బయల్దేరి రావల్ల. దినమంతా వాకిలి పక్కకే చూస్తాండాడు."

ఆ వెంటనే నా గొంతు, స్పష్టంగా, మర్యాదగా వచ్చింది. "కొత్త మాటలు లేవు. ధన్యవాదాలు."

మారెక్క పెట్టె వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "ఆ మాట్లాడేది నువ్వే కదా మేడం" అంది. నింద లేదు అందులో. తెలుసుకుందామని అడిగింది, అంతే. అవునన్నాను.

సరోజక్క బెంగళూరుకు ఫోన్ కలిపింది. అక్కడి పెట్టె చూసే మనిషి హనుమంతును పిలిపించి తిరిగి ఫోన్ చేయిస్తానన్నాడు. మేము ఎదురుచూశాం. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది, ఎవరూ తీయలేదు. మారెక్క గంపలోని పచ్చిమిరపకాయలకు తొడిమలు తుంచుతూ కూర్చుంది. తొడిమ తుంచితే ఎవరూ కొనరు. ఆమెకది తెలుసు.

ఫోన్ మోగితే నేనే ఎత్తాను. సుంకన్న ఆస్పత్రిలో చేరిన మూడోనాడే పోయాడట. ఒకరోజు ఉంచి చూసి, తోటివాళ్ళే కార్యం చేశారట. "మరి ఇంటికి కబురు?" అన్నాను, తెలిసి కూడా.

"పెట్టెకు చెప్పినాం కదా మేడం" అన్నాడు హనుమంతు. "ఆయమ్మ పలకల్యా. కోపమేమో, రాదేమో అనుకున్నాం. సుంకన్న గూడా అట్లనే అనుకున్నాడు."

నేను ఫోన్ పెట్టి ఇటు తిరిగేసరికి మారెక్కకు తెలిసిపోయింది. నా మొహం చూసింది. సరోజక్క పిండి చేతులతోనే ఆమెను పట్టుకుంది. మారెక్క ఏడవడానికి ముందు తెర వైపు చెయ్యి చాపింది. విన్నాక చుక్కలు పోతాయి. సుంకన్న ఫొటో కింద ఏమీ లేదు.

"దీపాలు ఏమైనాయి?"

అప్పుడు ఏడ్చింది.

చాలాసేపటికి తేరుకున్నాక నేను చెప్పగలిగిందొక్కటే. ఆ మాటలు ఎక్కడికీ పోవు, ఎప్పుడు పిలిచినా ఆయన పలుకుతాడు అన్నాను. ఆమె ఆలోచించి తల అడ్డంగా తిప్పింది.

"వద్దులే మేడం. పిలిస్తే మల్లా అదే చెప్పల్ల గదా ఆయప్ప. ఆ దగ్గు దగ్గుకుంటా. ఏంటికి ఆయప్పకు బాధ."

అతను పోయిన చోటు చూస్తానంది. సరోజక్క బూతుకు తాళమేసి, బెంగళూరు పోయేందుకు ఆమెతో బళ్ళారి బస్సెక్కింది. ఎక్కేముందు నా చేతిలో రెండు రొట్టెలు పెట్టింది. "నువ్వు పస్తుంటే పోయినాయప్ప వస్తాడా? తిను" అంది. బస్సు కదిలాక చూస్తే మారెక్క గంప బూతు అరుగు మీదే ఉంది. తొడిమల్లేని మిరపకాయలతో.

ఇల్లు

గుంతకల్లు నుంచి రైల్లో మళ్ళీ మళ్ళీ లెక్కలాంటిదేదో వేసుకుంటూ కూర్చున్నాను. మొదటి చుక్కకే ఆమె పిలిచి ఉంటే. మేము "పేరు చెప్పండి" అనకుండా "పిలవండి" అని ఉంటే. ఆఫీసులో అంతా చెప్పాను. పేరు తీసేశారు. నచ్చిన మాటతో పిలిచినా సరే, ముందే పెట్టెకు చూపిన అరచెయ్యి ఊరికే ఫొటో మీద ఆనించినా సరే, ఇప్పుడు పెట్టె పలుకుతుంది. పామిడిలో, యాడికిలో చుక్కలు తగ్గుతున్నాయని చాంద్ బాషా గారు ఫోన్ చేశారు. బాగా చేశామని మావాళ్ళు అంటున్నారు. నేను కాదనలేదు.

ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. వచ్చిన మర్నాటి పొద్దు సంగతి ఒకటి మిగిలింది.

నేను లేనప్పుడు చిన్నవాడు ఏడిస్తే, స్వాతి మా ఇంట్లోని కంప్యూటర్‌లో, పెట్టె కోసం నేను చదివిన మాటలున్న నా గొంతు పెట్టేదట. "పేరు చెప్పండి" అనేదట నా గొంతు. వాడు పేరు చెప్పేవాడు. నా గొంతు మళ్ళీ "పేరు చెప్పండి" అనేది. "అమ్మకి నా పేరు కూడా తెలీదు" అని రెండోనాటి నుంచి వాడు అలిగి కూర్చున్నాడట. అందుకే ఫోన్‌లో పలకలేదు.

ఆ పొద్దు వాడు నా మంచం దగ్గరికి వచ్చి, కొంచెం దూరంలో నిలబడి, "అమ్మా" అన్నాడు. నేను మెలకువగానే ఉన్నాను. అయినా పలకడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణంలో వాడి మొహం మారడం చూశాను. వాణ్ణీ, పక్కనే పడుకున్న స్వాతినీ దగ్గరికి లాక్కుని పేర్లు పెట్టి పిలిచాను. తర్వాత చెప్పాను:

"అమ్మ పలకలేదంటే కోపమొచ్చిందని ఎప్పుడూ అనుకోకండి. వినపడలేదన్నమాట. దగ్గరికి రండి, చెయ్యి పట్టుకుని లాగండి, జుట్టు పట్టుకుని లాగండి. నేను పలికేదాకా వెళ్ళిపోకండి."